యజమాని మాత్రమే నిలబడాల్సిన రోజు

సబీన తన గొయ్యి తానే తవ్వుకుందని మా గని కాలనీలో అందరూ అంటారు. అన్నవాళ్ళలో సగం మంది ఆ రోజుల్లో ఆమె చాపిన కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళే. అది ఎవరికీ గుర్తుండదు.

పందొమ్మిదేళ్ళపాటు ఆమె ఊరి చివర పెద్ద సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంది. మిగిలిన ఆరు రోజుల కంటే ఆదివారమే ఎక్కువ పని. జనం చర్చి నుంచి నేరుగా మార్కెట్ ట్రాలీల దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళమ్మ మంచాన పడ్డ చివరి ఏడాది, ఆదివారం మధ్యాహ్నం చారు గిన్నె ముందు పెట్టినప్పుడల్లా "సబీన వచ్చిందా?" అని అడిగేదట. వచ్చేది కాదు. రాత్రి తొమ్మిదికి వచ్చేది, అప్పటికి ఆవిడ నిద్రపోయేది.

అందుకే ఆదివారం కొట్లు మూయాలని కార్మిక సంఘం సంతకాలు సేకరిస్తుంటే సబీన అందరికంటే ముందు నిలబడింది. మంచులో చర్చి గుమ్మం పక్కన బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళ చేతిలో కలం పెట్టి మరీ సంతకం చేయించింది. ఆ బల్ల ఇచ్చింది ఫాదర్ గారే. విడాకులు తీసుకున్న కొన్రాద్‌తో పెళ్ళి లేకుండా కాపురం చేస్తోందని పూజలో ఆమెకు సత్ప్రసాదం పెట్టని ఫాదర్ గారు బల్ల మాత్రం ఇచ్చారు. దేవుడి దగ్గరైనా సరే, మనిషి కంటే మనిషి చేసే పనికే విలువ.

చట్టం వచ్చింది. కొట్లు మూసిన మొదటి ఆదివారం కొన్రాద్ కోడి చారు కాచి సేమ్యా వేశాడు. ఇద్దరూ తిని, కిటికీ తెరిచిపెట్టి పగలే పడుకున్నారు. బయట పిల్లల అరుపులు వింటూ సబీన ఏడ్చింది. "ఏడుపెందుకే? ఇది నువ్వు గెలిచిన రోజు," అన్నాడు కొన్రాద్. అతను ఇరవై ఐదేళ్ళు భూమి కింద బొగ్గు తవ్వి పింఛను పుచ్చుకున్న మనిషి. పగటి వెలుగులో పడుకోవడం అతనికీ కొత్తే.

ఆ సుఖం ఏడాదిన్నర నిలిచింది. నడుము పట్టేసి సబీన ఆ ఉద్యోగం మానేసింది. తమ అపార్ట్‌మెంటు కిందనే ఉన్న చిన్న కిరాణా కొట్టును ముసలి యజమాని వదిలేస్తుంటే తన పేరు మీద తీసుకుంది. బిల్లు కొట్టడం తప్ప తనకు మరో పని రాదు కదా అనుకుంది. తీసుకున్నాక గానీ అసలు సంగతి తెలిసిరాలేదు. వారం పొడుగునా జనం కార్లేసుకుని పెద్ద మార్కెట్‌కే పోతారు. ఉప్పు మర్చిపోతేనో, సిగరెట్లు అయిపోతేనో ఈ కొట్టు గుర్తొస్తుంది. ఆదివారం పెద్ద కొట్లకు తాళం పడుతుంది కాబట్టి ఆ రోజు కాలనీ మొత్తం సబీన గుమ్మంలోనే ఉంటుంది. కొట్టు బతికేదంతా ఆ ఒక్క రోజు మీదే.

చిన్న కొట్టు ఆదివారం తెరుచుకోవచ్చని చట్టంలోనే ఉంది. కాకపోతే పనివాళ్ళు నిలబడకూడదు, యజమాని స్వయంగా నిలబడాలి. యజమానులకు నడుములు ఉండవని ఆ చట్టం రాసినవాళ్ళ నమ్మకం కాబోలు. వారమంతా సాయం చేసే ఇవోనా ఆదివారం హాయిగా ఇంట్లో ఉండేది. సబీన నిలబడేది.

"అన్ని కొట్లూ తెరవనియ్యాలండీ," అనేవాడు గనిలో పనిచేసి రిటైరైన ఎర్నెస్ట్, బీరు సీసాలు చంకలో పెట్టుకుని. "నా డబ్బు, నా ఆదివారం. మధ్యలో ఈ గవర్నమెంటు ఎవరు?"

"మీకేం, మీరెప్పుడైనా కౌంటర్ వెనకాల నిలబడ్డారా?" అని మూడో అంతస్తు ఒతీలియమ్మ దెబ్బలాడేది. "మా కోడలు బట్టల కొట్లో పనిచేస్తుంది. ఇప్పుడు ఆదివారం పిల్లాడితో ఉంటోంది. తెరిస్తే ఆ పిల్లాణ్ణి మీరు ఆడిస్తారా?"

"ఆడిస్తా. బీరు కూడా పోస్తా."

"సిగ్గులేని ముసలాడు! పాని సబీనా, మీరు చెప్పండమ్మా. మీరే కదా ఆ రోజు సంతకాలు పెట్టించారు?"

సబీన నవ్వి చిల్లర ఇచ్చేది. ఏం చెబుతుంది? కొట్లన్నీ తెరిస్తే ఆమె కొట్టు మూడు నెలల్లో మూతపడుతుంది. తెరవకపోతే ఆమెకు చచ్చేదాకా ఆదివారం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కొన్నాళ్ళకు చట్టాన్ని కాస్త సడలించారు. యజమానికి ఇంటివాళ్ళు జీతం తీసుకోకుండా సాయం చేయొచ్చన్నారు. ఆ మరుసటి ఆదివారమే కొన్రాద్ చొక్కా చేతులు మడిచి కౌంటర్ వెనక్కి వచ్చాడు. మూడో వారం తనిఖీకి ఒకావిడ వచ్చింది. మర్యాదస్తురాలే.

"ఈయన మీకేమవుతారు?"

"మా ఆయన."

"పెళ్ళి సర్టిఫికెట్ ఉందా?"

పదిహేడేళ్ళ కాపురానికి ఒక్క కాగితం లేదు. ఆవిడ తల వంచుకుని జరిమానా రాసింది. ఆవిడ వెళ్ళాక కొన్రాద్ చాలాసేపు పప్పుల డబ్బాలు సర్దుతూ నిలబడ్డాడు. తర్వాత అటు తిరిగే అన్నాడు: "పెళ్ళి చేసేసుకుందామా?"

"ఇప్పుడా? ఈ వయసులోనా?"

"ఆదివారాలు కలిసొస్తాయి కదే."

ఇంత బోడి పెళ్ళిచూపులు మా కాలనీలో మరొకటి జరగలేదు. మునిసిపాలిటీ ఆఫీసులో శనివారాలన్నీ కుర్రజంటలకు ఇచ్చేశారు కాబట్టి ఒక శుక్రవారం పొద్దున కాగితం మీద సంతకాలు పెట్టి, మధ్యాహ్నానికల్లా వచ్చి కొట్టు తెరిచారు. సబీన మాత్రం లోలోపల పొంగిపోయింది. ఇక ఇద్దరం ఉన్నాం, ఆదివారం తేలికవుతుంది అనుకుంది.

తేలికయింది, నిజమే. ఒకరు నిలబడితే ఒకరు పడుకునేవాళ్ళు. అంటే ఇద్దరికీ చెరో సగం ఆదివారం దక్కింది గానీ ఇద్దరూ కలిసి ఉండే ఆదివారం ఒక్కటి కూడా దక్కలేదు. కొన్రాద్ అప్పుడప్పుడూ అడిగేవాడు: "ఒక్క రోజు మూసేసి కొండల్లోకి పోదామే. బస్సులో రెండు గంటలు." అడిగినప్పుడల్లా సబీనే అడ్డం పడింది. ఆదివారం పెట్రోలు బంకులో కూడా పాలూ రొట్టే దొరుకుతాయి. ఒక్కసారి జనం అటు మరిగితే మళ్ళీ ఇటు రారని ఆమె భయం. ఆ భయంలో అబద్ధం లేదు. అందుకే ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

మే నెలలో సబీన చెల్లెలు బ్రిగీద మనవరాలికి మొదటి కమ్యూనియన్ వచ్చింది, అంటే చర్చిలో తొలిసారి సత్ప్రసాదం తీసుకునే పండగ. ఆ పిల్లకు సబీన జ్ఞానతల్లి. కొన్రాద్ సూటు ఇస్త్రీ చేయించుకున్నాడు, కొత్త టై కొన్నాడు.

"ఈ ఒక్క రోజు మూసేద్దాం సబీనా. ఇద్దరం కలిసి వెళ్దాం."

"పిచ్చా నీకు? కమ్యూనియన్ ఆదివారం! సగం ఇళ్ళల్లో విందులు. ఒకరు మీగడ మర్చిపోతారు, ఒకరు గుడ్లు మర్చిపోతారు. ఏడాది మొత్తానికి ఇంత బేరం మరో రోజు ఉండదు. ఒంటిగంట దాకా నిలబడి, మూసేసి భోజనానికి వచ్చెయ్."

"యజమానురాలి ఆజ్ఞ," అని చెయ్యి నుదుటికి పెట్టాడు కొన్రాద్. సూటు కోటు కుర్చీకి తగిలించి, తెల్లచొక్కా మీద కొట్టు ఏప్రన్ కట్టుకున్నాడు.

చర్చిలో పిల్లలంతా తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. సబీన తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంచింది, దారిలో మనసు మార్చుకుని వస్తాడేమోనని. రాలేదు. ఒంటిగంటకు బ్రిగీద ఇంట్లో బల్ల మీద అతని పళ్ళెం పెట్టారు. ఒకటిన్నరకు అందులో బంగాళాదుంప ఉండలు చల్లారిపోయాయి. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. "జనం ఎక్కువగా ఉండి ఉంటారు," అంది సబీన. రెండింటికి మళ్ళీ అదే మాట అంది. రెండున్నరకు మాత్రం ఏమీ అనకుండా లేచి నిలబడితే బ్రిగీద భర్త కారు తీశాడు.

కొట్టు తలుపు తెరిచే ఉంది, దీపాలు వెలుగుతున్నాయి. కౌంటర్ మీద నాణేలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. వాటి కింద చీటీలు. "మీగడ రెండు, గుడ్ల అట్ట ఒకటి. చిల్లర తర్వాత తీసుకుంటా. ఒతీలియా." "బీరు ఆరు. ఎర్నెస్ట్." ఇంకెవరో పాలకీ పిండికీ లెక్క రాసి కింద దండాలు కూడా పెట్టారు. వెనక సామాన్ల గదిలో, నీళ్ళ సీసాల అట్టల పక్కన కొన్రాద్ పడి ఉన్నాడు. ఏప్రన్ ముడి విప్పుకోబోయి ఆగిన చెయ్యి ఇంకా వీపు వెనకే ఉంది.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. వెంటనే పోలేదని కూడా అన్నాడు. ముప్పావు గంటో, గంటో ఊపిరి ఉండి ఉంటుందట. ఎవరైనా చూసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

గురువారం పూడ్చిపెట్టారు. ఆ రోజు కొట్టు మూయాల్సిన అవసరం కూడా రాలేదు. మామూలు రోజు కాబట్టి ఇవోనా నిలబడింది, చట్టానికి అభ్యంతరం లేదు. ఆదివారం వచ్చింది. బ్రిగీద ఫోనులో బతిమాలింది: "వద్దే అక్కా, ఈ ఒక్క వారం వద్దు. మా ఇంటికి రా."

"వచ్చి ఎవరి పక్కన కూర్చోను?" అని సబీన ఫోను పెట్టేసింది. తొమ్మిదికి తలుపు తెరిచింది.

జనం వచ్చారు. మామూలు కంటే మెల్లగా మాట్లాడారు, అడిగినదానికంటే ఎక్కువ కొన్నారు. ఎర్నెస్ట్ బీరు అడగడానికి మొహమాటపడి రొట్టె కొనుక్కుపోయాడు. ఒతీలియమ్మ మాత్రం ఏమీ కొనకుండా కౌంటర్ పట్టుకుని నిలబడి ఏడ్చేసింది.

"రెండుసార్లు మర్యాదగా పిలిచానండీ. 'పాన్ కొన్రాద్! పాన్ కొన్రాద్!' అని. లోపలేదో సర్దుకుంటున్నారనుకున్నా. ఎవరూ లేకుండా పరాయివాళ్ళ గదిలోకి ఎలా వెళ్తాను చెప్పండి? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? అందుకే డబ్బులు పెట్టేసి వెళ్ళిపోయా. ఒక్క గ్రోషు నాణెం కూడా తక్కువ పెట్టలేదు పాని సబీనా, దేవుడి మీద ఒట్టు."

"తెలుసు," అంది సబీన. "పదకొండు మంది వచ్చారు. ఎవరూ తక్కువ పెట్టలేదు. అందరూ మంచివాళ్ళే."

ఒతీలియమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ మాటతో తనకు క్షమాపణ దొరికిందనుకుంది పాపం.

"ఆ రోజు ఒక్క దొంగ వచ్చినా బావుండేదండీ," అంది సబీన, గొంతు పెంచకుండానే. "దొంగైతే, ఎవరైనా ఉన్నారేమోనని లోపలికి తొంగిచూసేవాడు."

ఒతీలియమ్మ వెనక మరో ముగ్గురు బుట్టలతో నిలబడి ఉన్నారు. సబీన వాళ్ళలో మొదటావిడ వైపు తిరిగి ఏం కావాలని అడిగింది.