శేషుకుమారి రాయించిన నిబంధన

రైలు సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌కు చేరేలోపు శేషుకుమారి తాను చెప్పాల్సింది రెండుసార్లు చదువుకుంది. రాష్ట్ర కైరోప్రాక్టర్ల సంఘం, అంటే వెన్నునొప్పులకూ మెడనొప్పులకూ చేతులతో చికిత్స చేసేవాళ్ల సంఘం, ఆమెను వచ్చి మాట్లాడమని పిలిచింది. ఆమె డాక్టరూ కాదు, ఆ సంఘంలో సభ్యురాలూ కాదు. ఊరి శివార్లలోని టూంగాబీలో ఒక చిన్న క్లినిక్‌లో ఫోనెత్తే మనిషి.

నరసరావుపేటలో పదకొండేళ్లు తెలుగు పాఠాలు చెప్పింది. భర్త ఉపేంద్ర ఐటీ ఉద్యోగం కోసం సిడ్నీ వచ్చాక ఆమె తెలుగుతో ఎవరికీ పని పడలేదు. కొన్నాళ్లు హారిస్ పార్క్ అనే పేటలో, మనవాళ్ల మిఠాయి కొట్లో మిఠాయిలు డబ్బాలకెత్తింది. ఆ తర్వాత ఈ క్లినిక్‌లో చేరింది.

మార్చిలో ఒకరోజు కృష్ణమూర్తి అనే డెబ్బై రెండేళ్ల పెద్దాయన మెడ పట్టేసిందని వచ్చారు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. యూనివర్సిటీలో చదివే మనవరాలు అక్షర తోడొచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. క్లినిక్ నడిపే డాక్టర్ హెలెన్ కౌంటర్ దగ్గరే నిలబడి ఫారం నింపుతోంది.

రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా అని ఇంగ్లీషులో అడిగింది హెలెన్.

"తాతా, నీ బ్లడ్ థిన్‌గా ఉందా?" అని అడిగింది అక్షర.

"లేదమ్మా, చిక్కగానే ఉంది. మొన్ననేగా టెస్టు చేశారు," అన్నారాయన ధీమాగా.

"హీ సేస్ నో," అంది అక్షర. హెలెన్ 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

శేషుకుమారికి ఫక్కున నవ్వొచ్చింది. మరుక్షణం, అడిగింది మందుల గురించి కదా అని తట్టింది. ఫోను పక్కన పడేసి లేచింది.

"అంకుల్, గుండెకేమైనా మాత్రలేసుకుంటున్నారా?"

"నాలుగేళ్ల కింద స్టెంటేశారుగా. అప్పట్నుంచీ రోజూ వేసుకుంటన్నా. అయినా అయ్యి గుండెకి తల్లీ, మెడకేం సంబంధం?"

హెలెన్ ఆయన మెడ మీద చెయ్యి వెయ్యలేదు. ఆయన డాక్టరుకు ఫోన్ చేసి అడిగింది. అవి రక్తం పలచబరిచే మాత్రలేనని తేలింది. అలాంటివాళ్లకు మెడ గట్టిగా తిప్పితే లోపల రక్తం కారే ప్రమాదముందని ఆ ఆలోచన అక్కడితో మానుకుని, తేలికపాటి వ్యాయామాలు చూపించి పంపింది. అక్షర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఐ డిడ్‌న్ట్ నో, ఆంటీ."

"నీ తప్పేం లేదమ్మా. అసలు నిన్ను అడగాల్సిన పని కాదిది."

సరిగ్గా ఆ రోజుల్లోనే సంఘం, చికిత్సకు ముందు రోగి అనుమతి తీసుకునే పద్ధతిని తిరగరాస్తోంది. కైరోప్రాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసేది జాతీయ బోర్డు. సంఘం తన సభ్యులు ఎలా నడుచుకోవాలో చెప్పే విధానాలు రాస్తుంది. ముసాయిదాను అందరికీ పంపి అభిప్రాయాలు అడుగుతుంది. ఆ ముసాయిదాను హెలెన్ తెచ్చి శేషుకుమారి ముందు పెట్టింది. "చూసింది నువ్వు, నువ్వే రాయి," అంది. శేషుకుమారి మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి రెండు పేజీలు రాసి పంపింది. వారం తిరక్కుండా పిలుపు వచ్చింది.

సెంట్రల్‌లో దిగి వెళ్లేసరికి, సంఘం ప్రమాణాల కమిటీలోని ఏడుగురూ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. అధ్యక్షురాలు మార్గరెట్ పది నిమిషాలు ఇచ్చింది. శేషుకుమారి పేరు చెప్పకుండా పెద్దాయన సంగతి చెప్పింది. 'చిక్కగానే ఉంది' అన్న మాటకు అందరూ పకపకా నవ్వారు. టిక్కు పెట్టిన సంగతి వినగానే ఆ నవ్వు ఆగిపోయింది.

ఆమె రెండు అడిగింది. ఇంట్లోవాళ్ల చేత కాకుండా, అనువాదమే వృత్తిగా ఉన్నవాళ్ల చేత అనువాదం చేయించాలి. చికిత్సకు ముందు రోగి తనకు అర్థమైంది తన మాటల్లో తిరిగి చెప్పాలి.

పీటర్ అనే సభ్యుడు తల అడ్డంగా ఊపాడు. "రోజుకు ముప్పైమందిని చూస్తాం. అందరి చేతా పాఠం అప్పజెప్పించుకుంటూ కూర్చోవాలా?"

అప్పటిదాకా తడబడుతున్న ఆమె ఇంగ్లీషు ఒక్కసారిగా గాడిన పడింది. "నేను టీచర్నండీ. అర్థమైందా అని అడిగితే క్లాసులో నలభైమందీ అర్థమైందనే అంటారు. ఏం అర్థమైందో చెప్పమంటేనే అసలు సంగతి బయటపడుతుంది."

"దానికెంతసేపు పడుతుంది?"

"ఇప్పుడు మీరు నన్నడిగినంతసేపు."

ఎవరో బల్ల చరిచారు. పీటర్ కూడా నవ్వేశాడు.

మొదటి కోరిక మాత్రం పూర్తిగా నెగ్గలేదు. మారుమూల ఊళ్లలో అప్పటికప్పుడు అనువాదకులు దొరకరని పీటర్ అన్న మాటలో నిజముంది. 'దొరికిన చోటల్లా' అని చేర్చారు. పిల్లల చేత మాత్రం ఎప్పుడూ చేయించకూడదన్నారు. శేషుకుమారి మనసు కాస్త చివుక్కుమంది. రెండో దానికి 'రోగి అవగాహనను నిర్ధారించుకోవాలి' అని మార్గరెట్ రాయబోతే, ఆమె ఉండబట్టలేక చెయ్యెత్తింది.

"ఎలా నిర్ధారించుకోవాలో రాయకపోతే మళ్లీ టిక్కే పెడతారు మేడమ్."

మార్గరెట్ ఆ వాక్యం కొట్టేసింది. "మీరే చెప్పండి," అంటూ కలం పట్టుకుంది. 'చికిత్సకు ముందు రోగి తనకేం అర్థమైందో తన మాటల్లో తిరిగి చెప్పాలి' అని శేషుకుమారి చెబుతూంటే ఆమె రాసుకుంది.

బయటికి రాగానే మెట్ల మీదే ఉపేంద్రకు ఫోన్ చేసింది. "ఏవండీ, రాసుకున్నారండీ! నేను చెప్పిన సెంటెన్స్ చెప్పినట్టే రాసుకున్నారు!"

"అరవబాక, మీటింగ్‌లో ఉన్నా. ఏ సెంటెన్సు?" అంటూనే ఆయన గదిలోంచి బయటికొచ్చి మొత్తం విన్నాడు.

ఆగస్టులో సంఘం పాలకవర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది. ఆ వాక్యం ఏడో నిబంధనగా అచ్చయింది. దాంతోపాటు మరో ఉత్తరం వచ్చింది. కమిటీలో ప్రజల తరఫు సభ్యురాలిగా రెండేళ్లు ఉంటారా అని అడిగారు. ఈసారి చర్చ క్లినిక్‌ల ప్రకటనల మీద. ఏ మాట అనవచ్చు, ఏది అనకూడదన్నదే విషయం. ఆమె సరేనంది.

"ఆదివారం మా తమ్ముడింటికి ఫ్లైట్ బుక్ చేద్దామా?" అని అడిగాడు ఉపేంద్ర.

"కుదరదండీ," అంది శేషుకుమారి, కమిటీ పంపిన ప్రకటనల ముసాయిదా కాగితాలు ఒళ్లో సర్దుకుంటూ. "నలభై పేజీలున్నయ్యి. మొదటి పేజీలోనే మూడు తప్పులు దొరికినయ్యి నాకు!"