చక్కెర డబ్బాకు తాళం

మా అక్క విద్యావతి దొంగతిండి తింటుందని చిక్కడపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంటంతా నమ్మింది. నమ్మించింది మా బావ కిషన్ రావు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

2012 నాటి మాట. అప్పటికే కొన్నేళ్లుగా అక్కకు షుగరు. అక్క ఇన్సులిన్ పెన్నులో మోతాదు తిప్పేది బావే, సూదులు కొనేదీ బావే. "పొడుగుంటెనే మందు లోపలికి పోతది" అని పెద్ద సూదులే తెచ్చేవాడు. ఒక్కో సూదిని మొద్దుబారేదాకా వాడించేవాడు. "నీ సూదే గదా, ఎంగిలైతదా ఏంది?" అనేవాడు. పొడుచుకున్నప్పుడల్లా అక్క ప్రాణం విలవిల్లాడేది. చివరికి బొడ్డు పక్కన నొప్పి తెలియని చోటు ఒకటి దొరికితే, హమ్మయ్య అనుకుని రోజూ అక్కడే పొడుచుకుంది.

షుగర్ మాత్రం దిగలేదు. డాక్టరు తల కూడా ఎత్తకుండా రిపోర్టు చూసి మోతాదు పెంచేవాడు. బావ ఇంటికొచ్చి గొంతు పెంచేవాడు. "జర నోరు కట్టుకో. నాకు తెల్వకుండ ఏం తింటున్నవ్?" ఆఖరికి చక్కెర డబ్బా, బెల్లం, పండ్లు అన్నీ అల్మారాలో పెట్టి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. పెళ్లి భోజనాల్లో అక్క విస్తట్లో జిలేబి పడితే పదిమంది ముందు తీయించేవాడు. పాపం, అక్క పెళ్లిళ్లకు పోవడమే మానేసింది.

నేనే పట్టుబట్టి నారాయణగూడలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్లాను. ఆమె చేసిందల్లా అక్క పొట్టను చేత్తో నొక్కి చూడటమే. అన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ పని చెయ్యలేదు! నొప్పి తెలియని ఆ చోట చర్మం కింద గడ్డ కట్టిందట. అందులోకి పోయిన మందు ఒంటికి సరిగ్గా పట్టడం లేదట. కందిగింజంత పొట్టి సూదులు రాసిచ్చింది. ప్రతిసారీ కొత్త సూది వాడమంది, చోటు మారుస్తూ ఉండమంది, గడ్డ జోలికి పోవద్దంది. బావ వైపు తిరిగి, "ఇగ మందు మంచిగ పట్టుకుంటది. మోతాదు తగ్గించి రాసిన, గంతే ఇయ్యాలె. ఎక్కువైతే షుగర్ పడిపోయి పానం మీదికొస్తది" అని గట్టిగా చెప్పింది.

తగ్గించాడా? లేదు! "తగ్గిస్తే ఇంకింత తింటది" అని పాత మోతాదే తిప్పాడు. అక్క దాన్నే కొత్త సూదితో కొత్త చోట పొడుచుకుంది.

మర్నాడు నేను వెళ్లేసరికి అక్క వంటింటి గోడకు ఆనుకుని కూలబడి ఉంది. ఒళ్లంతా చెమటలు, వణుకు. "చక్కెర..." అంది.

"చూసినవా, మల్ల చక్కెరనే!" అన్నాడు ఆ మహానుభావుడు.

"అక్క పానం పోతది బావా, తాళం తియ్యుండ్రి!" అని అరిచాను.

జేబులన్నీ తడుముకున్నాడు. తాళంచెవి లేదు. అప్పుడు పట్టుకుంది ఆయనకు భయం. రోకలి తెచ్చి తాళం పగలగొట్టాడు. నీళ్లలో చక్కెర కలిపి తనే తాగించాడు.

కాసేపటికి అక్క తేరుకుంది. మూతి తుడుచుకుని మొగుడి ముఖంలోకి చూసింది.

"ఇన్నేండ్ల నుంచి దొంగతిండి, దొంగతిండి అంటిరి. ఇగో, ఇయ్యాల తిన్న. మీ చేతితోనే."