ఇటుకరంగు గౌను

కొత్త బట్ట కొనడమంటే నాకు ఒళ్లుమంట. సూరత్‌లో పుట్టి పెరిగాను. పొద్దున లేస్తే మరమగ్గాల చప్పుడు, పగలంతా చీరల మార్కెట్లో బిల్లులు కొట్టే ఉద్యోగం, ఇంటికొస్తే అమ్మ ముందు దారాలు కత్తిరించాల్సిన చీరల గుట్ట. ఇంక కొత్తవాటి మీద మోజు ఎక్కడినుంచి వస్తుంది? నా పిచ్చంతా డెబ్బై ఏళ్ల కిందటి ఫొటోల్లోని గౌన్ల మీద. బిగుతు నడుము, గొడుగులా విచ్చుకునే కింది ఘేరు, బుట్టచేతులు, గుండ్రటి కాలరు.

నా జీతానికి అలాంటివి ఫోన్లో చూసి పక్కన పెట్టాల్సిందే. అందుకని ఆదివారం సంతలో పాత చీరలు, దుప్పట్లు, కర్టెన్లు ఏరుకొచ్చి మా నవాగామ్ గల్లీలో ఉన్న దర్జీ చేత కుట్టించుకునేదాన్ని. కర్టెన్ గౌను వేసుకున్న రోజు, కిటికీ నడిచొస్తోందని పక్కింటావిడ వెక్కిరించింది. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాను. పారేసేదాన్ని కాపాడుతున్నానని నాకు బోలెడు గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

పోయినేడు వానలు తగ్గాక ఒక ఆదివారం, స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకెళ్లే ఆవిడ కోసం అమ్మ వరండాలో మూట పెట్టింది. పక్కనే దండెం మీద బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, తన ట్రంకుపెట్టెలోని చీరలు ఎండకు ఆరేసింది. ఎప్పుడు జారిందో, ఇటుకరంగు నూలు చీర ఒకటి మూట మీద పడి ఉంది. సన్నటి నల్లంచు, చేతిమగ్గం నేత. ఇంత చీర ఒక గిన్నెకి పోతుందా అనుకుని సంచిలో కుక్కి దర్జీ దగ్గరికి పరిగెత్తాను. అమ్మా బాపమ్మా ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఒక్క మాట అడగలేదు. గౌను వేసుకుని డుమస్ సముద్రం దగ్గర ఫొటో దిగాలన్న తొందరలో, నా ముందే కత్తెర వేయించాను.

సాయంత్రం ఇంట్లో వెతుకులాట మొదలైంది. బాపమ్మ పెట్టె రెండుసార్లు బోర్లించింది. ఆ చీర సంగతి నాకు అప్పుడు తెలిసింది. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. బాపమ్మకు పుట్టింటి తరఫున మిగిలింది ఒక్క తమ్ముడు, సిరిసిల్లలో చేనేత పని. అతనికి పెళ్లాం పిల్లలూ లేరు. జబ్బు ముదిరాక, తాను ఉండనని తెలిసి, అక్క చివరి రోజు కోసం ఆ చీర నేసి పంపాడు. పోయేముందు మగ్గం మీద అతను వేసిన ఆఖరి చీర అదే.

గిన్నెలావిడే పట్టుకుపోయిందని అమ్మ తేల్చేసింది. నేను నోరు విప్పలేదు. భయం. సిగ్గు. రెండూ నిజమే.

తర్వాతి ఆదివారం బాపమ్మ టీ కూడా తాగకుండా గడపలో కూర్చుంది. గిన్నెలావిడ రాగానే ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఇంట్లో ఉన్న స్టీలు సామానంతా ఇస్తాను, ఆ ఒక్క చీర ఇచ్చెయ్యమని బతిమాలింది. తాను తీసుకోలేదని ఆవిడ తన పిల్లల మీద ఒట్టేసింది. అమ్మ ఆ మాట నమ్మకుండా, దొంగా అని హిందీలో గట్టిగా అరిచింది. గల్లీ అంతా గుమిగూడింది. తలమీది గంప దించకుండా ఆవిడ ఏడుస్తుంటే నా వల్ల కాలేదు. దర్జీ కుట్టిచ్చాక మంచం కింద దాచిన గౌను తెచ్చి బాపమ్మ ఒళ్లో పెట్టాను.

అమ్మ నన్ను కొట్టింది. కొట్టాల్సిందే. గిన్నెలావిడ గంప సర్దుకుని వెళ్లిపోయింది. వెనకాల పరిగెత్తి క్షమాపణ అడిగినా తల తిప్పలేదు. మళ్లీ మా గల్లీకి రాలేదు.

బాపమ్మ మాత్రం గౌనును తిప్పి తిప్పి చూసింది. కొంగు చివర తమ్ముడు గుర్తుగా వేసే రెండు పసుపు పోగులు ఇప్పుడు కాలరు మీద ఉన్నాయి. వాటి మీద వేలు ఆనించి, "మా తమ్ముని చెయ్యి," అంది. అంతే. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

కుట్లు విప్పి మళ్లీ చీర చేయమని దర్జీ కాళ్లావేళ్లా పడ్డాను. గుండ్రంగా కోసిన ముక్కలు చీర కావు, వదిలెయ్యమన్నాడు. ఆ మాట బాపమ్మకు చెప్పలేక చెప్పాను. రాత్రంతా ఏమాలోచించిందో, పొద్దున నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను పోయిన్నాడు గిది తొడుక్కొని నా పక్కన నిలవడు. మా తల్లిగారింటి నుంచి ఎవలో ఒకలు వచ్చినట్టుంటది."

సరేనన్నాను.

అప్పటినుంచి నెలకోసారి ఆమె చూస్తుండగా ఆ గౌను తొడిగి చూసుకోవాలి. డుమస్‌కు వేసుకెళ్లలేదు, ఒక్క ఫొటో దిగలేదు. నాకెంతో ఇష్టమైన బిగుతు నడుమే ఇప్పుడు నా ప్రాణం మీదికొచ్చింది. హుక్కు పడితే బాపమ్మ తృప్తిగా తలూపుతుంది. నాకు మాత్రం ఆమె చావుకు ముస్తాబవుతున్నట్టే ఉంటుంది.

మొన్న హుక్కు పట్టలేదు. ఊపిరి బిగబట్టినా వేలెడు తక్కువైంది. లోపల నాకు సంతోషమే. గౌను పట్టకపోతే ఆ రోజు రాదేమోనన్న పిచ్చి ఆశ. బాపమ్మ నా నడుం తడిమి, గుడ్డ మిగిలిందా అని అడిగింది. మిగల్లేదన్నాను.

"జర అన్నం తగ్గియ్యి బిడ్డా," అంది. "నాకు ఇంకెవలున్నరు, చీర తెచ్చెటోళ్లు?"