మా మరిది విప్పక విప్పిన ఫోను

మా మరిది మస్కట్‌లో బండలు పరిచే పని చేస్తాడు. రెండేళ్లకోసారి మెట్‌పల్లికి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త ఫోను తెస్తాడు, ఒక్కటీ వాడడు. మళ్లీ రెండేళ్లు మీ దగ్గరే ఉంటానని సంతకం పెడితే, అక్కడి సిమ్ముల కంపెనీవాళ్లు ముందుదానికంటే పెద్ద ఫోను చేతిలో పెడతారట. దాని పైసలు నెలనెలా బిల్లులో కోసుకుంటారట. ఇతను ఆ పెట్టెను సీలు తీయకుండా తెచ్చి, వాడకట్టంతా తిప్పి చూపించి, బజారులో అమ్మేస్తాడు. మూడో రోజుకల్లా ఆ ఫోను కోడికూరై, కల్లై దోస్తుల కడుపుల్లో పడుతుంది.

అమ్మితే అమ్మాడు. చూపించే తీరుకే నాకు ఒళ్లు మండేది. రెండు అరచేతుల మీద పసిగుడ్డును పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. ఎవరైనా వేలు పెట్టబోతే వెనక్కి జరుగుతాడు. లోపలిది ఏ రంగుదో అతనికీ తెలియదు, పెట్టె మీది బొమ్మ చూసి చెబుతాడు. తినని విస్తరి ముందు కూర్చుని త్రేన్చే మనిషంటే నేను అతన్నే చూశాను.

అతని భార్య, మా యారాలు, నాతోపాటే బీడీలు చుడుతుంది. ఆమె ఫోను ఒకసారి గచ్చు మీద పడి, అద్దంలో ఒక మూల నల్లమచ్చ పుట్టింది. నీళ్లలో సిరా పారినట్టు అది పాకుతూ పాకుతూ సగం అద్దం తినేసింది. మొగుడు వీడియోలో మాట్లాడితే ఒక చెవి, ఒక చెంప, సగం మీసం. రెండేళ్లు ఆమె ఆ సగంతోనే కాపురం చేసింది. ఈసారి తెచ్చే ఫోను నాకుంచు అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. చూద్దాం తియ్ అనేవాడు.

పోయిన ఎండాకాలం వచ్చాడు, పెట్టెతోనే వచ్చాడు. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా బొట్టు పెట్టడం మాకు అలవాటు. గ్యాసు పొయ్యికి పెట్టాం, మిక్సీకి పెట్టాం. మా యారాలు సంబరంగా వచ్చి ఆ పెట్టె మూలకు పసుపు, కుంకుమ పెట్టింది. ఇతను గబగబా లుంగీ అంచుతో తుడిచేశాడు. మరకైతే ఎవడు కొంటాడని కసిరాడు. ఆమె కుంకుమ భరిణె తీసుకెళ్లి లోపల పెట్టింది.

మర్నాడు బజారుకు పోయినవాడు పెట్టె తీసుకునే తిరిగొచ్చాడు. అక్కడి ఫోన్లు కొన్ని మన సిమ్ము పట్టవట. ఒకసారి ఇక్కడి సిమ్ముతో చాలూ చేసి, కాల్ పోయేదీ వచ్చేదీ చూసుకొని తెస్తేనే కొంటానన్నాడట దుకాణమాయన. పెట్టె విప్పాలనేసరికి మా మరిదికి ప్రాణం పోయినంత పనైంది. మంచం మీద ఉతికిన తువ్వాలు పరిచాడు. సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. అన్నం తినేముందు కూడా అంత కడగడు. బ్లేడుతో వెంట్రుకంత సందు కోసి సీలు తీశాడు, మళ్లీ అతికించాలి కదా.

అతని ఇక్కడి సిమ్ము రీచార్జి లేక ఎప్పుడో చచ్చిపోయింది. పెళ్లాం సిమ్ము తీసి వేశాడు. ఫోను ఆమె నంబరు మీదే మొదలైంది. తర్వాత వేలు పెట్టమంది. సిమెంటు రుద్ది రుద్ది అతని వేళ్ల మీద గీతలే లేవు, రేషన్ దుకాణంలోనూ పడవు. పది వేళ్లూ ఒత్తి చూసి, ఇక గతిలేక ఆమెను పెట్టమన్నాడు. బీడీలు చుట్టి చుట్టి ఆమె బొటనవేలూ అరిగిందే. చిటికెనవేలు పడింది. తాళానికి ఏదైనా నంబరు కొట్టమని ఫోను అడిగితే, నువ్వే ఏదో ఒకటి కొట్టు అని చెప్పి తన పాత ఫోను వెతుక్కుంటూ పోయాడు. ఆమె కొట్టింది.

వాకిట్లో నిలబడి, నా ఫోనులోని నెట్టు వాడుకుని, వీడియో కాల్ చేశాడు.

"కనపడుతున్ననా?"

"కనపడుతున్నవ్. మొత్తం కనపడుతున్నవ్," అంది మా యారాలు. తలుపులోంచి చూస్తే మనిషే కనిపిస్తాడు. ఆమె అటు చూడలేదు, ఫోనులోకే చూస్తూ కూర్చుంది.

అతను లోపలికొచ్చి, పని అయిపోయింది, బంద్ చేసి ఇమ్మన్నాడు.

"గిది నాకుండనీ," అంది.

"నీకెందుకే గింత పెద్ద ఫోను? బీడీలు చుట్టెటోళ్లకు గా డబ్బా సాలదా?" అని, నేనూ నవ్వుతానేమోనని నా వైపు చూశాడు.

"బీడీలు చుట్టెటోళ్ల ఏలు వెట్టినంకనే గదా మరిదీ, గది తెరుసుకున్నది," అన్నాను.

సిమ్ము తీసి ఆమె ఒళ్లో పడేసి, ఫోనును పెట్టెలో పడుకోబెట్టి, సీలును జిగురుతో అతికించుకుని పోయాడు. నిన్న పెట్టెకు బొట్టు ఆననివ్వని మనిషి, ఇవాళ పెళ్లాం చేతుల్లో వెలిగిన ఫోనును వాడనిదని చెప్పి అమ్మబోతున్నాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే మొహం వేలాడేసుకుని వచ్చాడు. అందులో ఉన్నదంతా తుడిచి ఇస్తేనే తీసుకుంటానన్నాడట దుకాణమాయన. తుడవాలంటే మా యారాలు కొట్టిన ఆ తాళం నంబరు కావాలి. నంబరు లేకుండా తుడిచినా మళ్లీ పాత మనిషినే అడుగుతుందట.

మా యారాలు బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఉంది. తల ఎత్తలేదు.

"చెప్త," అంది. ఆకు చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది. "మల్ల రెండేండ్లకు వచ్చినంక చెప్త."

తిట్టాడు. బతిమాలాడు. తర్వాత అరుగు మీద కూర్చుని తనకు తోచిన నంబర్లు కొట్టడం మొదలుపెట్టాడు. పెళ్లినాటి తారీఖు గుర్తులేదు. కాసేపటికి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "వదినే, మా బిడ్డ పుట్టిన తారీకెప్పుడు?" అని అడిగాడు. కన్నతండ్రి. చెప్పాను. అదీ కాదు. కాసేపు ఆగి మళ్లీ కొట్టు అంది ఫోను. పగలగొడతానని చెయ్యెత్తాడు.

"పలగ్గొట్టు. గా పాత డబ్బా గూడ నేను పలగ్గొడ్త, గప్పుడు నువ్వు సగం గూడ కనపడవ్," అందామె, అదే గొంతుతో.

చెయ్యి దించాడు. ఆ ఏడు దోస్తులకు దావత్ లేదు.

అంతటితో సిగ్గుపడి ఊరుకుంటాడనుకున్నాను. మూడు రోజులకు నల్లా దగ్గర ఆడవాళ్లంతా అతన్నే పొగుడుతున్నారు. పెళ్లాం కోసమే ఏరికోరి తెచ్చాడట, కూర్చోబెట్టి వేలు పెట్టించింది కూడా తనేనట, ఈ కాలంలో అట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడట. అతనే ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నాడు. పెట్టె తిప్పినట్టే ఈసారి ఈ మాట తిప్పాడు. బిందె కింద పెట్టి, అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాను.

పక్కనుంచి మా యారాలు నా మోచెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అక్కా. గంతమందికి చెప్పుకున్నంక ఇగ మల్ల అడగలేడు."