పగుల్లో అగ్గిపుల్ల

ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు చూడాలనుకునేది లోయ మీదికి నాలుకలా చాచుకుని ఉన్న ఈ బండనే. దాన్ని చూపించే గైడు బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గంట. రోజూ బస్సులు రాకముందే బండ మొదట్లో గొంతుక్కూర్చుని, అక్కడి సన్నటి పగుల్లో అడ్డంగా ఒక అగ్గిపుల్ల బిగిస్తాడు. మర్నాడు అది కదలకుండా ఉంటే బండను అరచేత్తో తట్టి, బీడీ ముట్టిస్తాడు. పగులు సంగతి టూరిజం ఆఫీసులో చెబితే నవ్వి ఊరుకున్నారు. బండ కొసన నిలబడి దాని కథంతా చెప్పి, "ఏదో ఒకరోజు ఇది పడిపోతుంది, మీరు అదృష్టవంతులు, ముందే చూసేశారు" అని ముగించడం, జనం పగలబడి నవ్వడం ఏళ్ళ తరబడి మామూలే.

ఇవాళ పగుల్లో పుల్ల లేదు. కొత్తది పెట్టబోతే, అదీ ఎక్కడా ఆగకుండా చీకట్లోకి జారిపోయింది. బస్సు వచ్చేసరికి అతను గడ్డిలోనే నిలబడి ఉన్నాడు. "ఎక్కకండమ్మా. పడిపోతుంది. ఒట్టు, నిజంగానే పడిపోతుంది" అన్నాడు. చెయ్యి అడ్డంగా చాచాడు. జనం నవ్వి, చప్పట్లు కొట్టి, పిల్లల్ని చంకనేసుకుని బండ ఎక్కేశారు. చాచిన చెయ్యి చాచినట్టే ఉండగా, బస్సు డ్రైవరు వెనకనుంచి వచ్చి భుజం తట్టాడు.

"ఇవాళ భలే రక్తి కట్టించావు బావా."