మైలలో గ్రీసు యాత్ర

బావగారు పోయిన కబురు మాకు ఏథెన్సులో, హోటల్ డాబా మీద కాఫీ తాగుతుండగా తెలిసింది. బావగారంటే మా ఆయనకి స్వయానా అన్నగారు. ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్ళో చాలా ఏళ్ళుగా పిల్లల డాక్టరు. కబురు పంపింది ఆయన ఒక్కగానొక్క కూతురు. అదీ ఫోన్లో మెసేజి, ఇంగ్లీషులో. నాన్న నిద్రలోనే పోయారు, ఫ్యూనరల్ వచ్చేవారం, మీరు రాకపోతేనే మంచిదని అమ్మ అంటోంది, ప్లీజ్ బాబాయ్, అర్థం చేసుకో, లైవ్‌స్ట్రీమ్ లింకు పంపిస్తాను. అంతే.

మా ఆయన అది చదివి, ఫోను నా చేతికిచ్చి గదిలోకి వెళ్ళిపోయారు. నేను చదువుకుని వెనకే పరిగెత్తేసరికి షవర్ కింద నిలబడి ఉన్నారు. చొక్కా, ప్యాంటు, బెల్టు అన్నీ ఒంటిమీదే ఉన్నాయి. దగ్గరివాళ్ళు పోయిన కబురు వింటే కట్టుబట్టలతో తలస్నానం చెయ్యడం మా ఇళ్ళలో ఆచారం. కానీ ఈయన ఆచారాల మనిషి కాదు. అదే దేశంలో ఇంకో మూల, డార్విన్‌లో మా ఇంట్లో వినాయకచవితి పూజ నేనొక్కదాన్నే చేసుకుంటాను. ఆయన వచ్చి అక్షింతలు వేసేది ఉండ్రాళ్ళ వాసన తగిలాకే. అలాంటి మనిషిని తడిబట్టల్లో చూసి నాకు ఏడుపుకంటే ముందు భయం వేసింది.

"ఏవండీ, టికెట్లు మార్చుకుని వెళ్ళిపోదామా?" అన్నాను.

"రావద్దన్నారుగా."

"చావుకి పిలుపేంటండీ? పిలవకపోయినా వెళ్తారు."

"పిలవకపోవడం వేరు, రావద్దనడం వేరు," అన్నారు. నీళ్ళు కారుతున్న తల తుడుచుకోకుండానే, "పది రోజులు మైల మనకి. గుళ్ళకి వెళ్ళకూడదు," అన్నారు.

గ్రీసు దాకా వచ్చి గుళ్ళకి వెళ్ళకూడదట! ఆ రెండు వారాల యాత్రలో గుడి కానిదేముంది? ఏథెన్సులో పార్థినాన్ గుడి, కొరింథులో అపోలో గుడి, డెల్ఫీలో మళ్ళీ అపోలో గుడి. ఇవన్నీ వెతికి వెతికి పెట్టింది ఆయనే. డార్విన్‌లో మా వీధిలో సగం ఇళ్ళు గ్రీకులవి. పక్కింటి తాతగారి దగ్గర వాళ్ళ అక్షరాలు దిద్దుకుని, పవర్ స్టేషన్ నుంచి రాగానే స్తంభాల బొమ్మలు ముందేసుకుని కూర్చునేవారు. ఆసుపత్రి ల్యాబులో నాకు సెలవు దొరికి, ఆయనకీ అదే సమయానికి దొరికేసరికి ఎన్నేళ్ళో పట్టింది. విమానం దిగిన మర్నాడు ఈ కబురు.

ఎందుకు రావద్దన్నారో చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడితే పడనీ.

మా ఆయన్ని ఆస్ట్రేలియా రప్పించింది బావగారే. కొత్తలో ఏడాదిపైగా వాళ్ళింట్లోనే ఉన్నాం. ఆ పిల్లకి సైకిలు నేర్పింది, ఈత నేర్పింది మా ఆయనే. పెద్దయ్యాక సిడ్నీలో ఉద్యోగం చేస్తూ అది ఒక తెల్లబ్బాయిని చేసుకుంటానంది. బావగారు ససేమిరా అన్నారు. పిల్ల కూడా ఆయన కూతురేగా, అంత మొండిదీ. అక్కడే పారమట్టాలో హాలు తీసుకుని, పంతులుగారిని మాట్లాడుకుని, మా ఆయనకి ఫోన్ చేసింది. "బాబాయ్, డాడ్ ఈజ్ నాట్ కమింగ్. విల్ యు సిట్ ఫర్ మి?" అంది. అంటే కన్యాదానానికి పీటలమీద కూర్చోమని.

మా ఆయన ముందు అన్నగారినే అడిగారు. స్పీకర్లో నేనూ విన్నాను. "నేను బతికుండగా నా పీటమీద నువ్వు కూర్చుంటావురా? కూర్చో. నేను పోయాననుకుని కూర్చో," అని బావగారు ఫోను పెట్టేశారు. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత, "అది ఒక్కత్తీ పీటలమీద కూర్చుంటే నేను చూళ్ళేనే," అన్నారు. వెళ్ళి కూర్చున్నాం. ఆ అబ్బాయి కాళ్ళు ఇద్దరం కలిసి కడిగాం.

మనవడు పుట్టాక తండ్రీకూతుళ్ళు కలిసిపోయారు. లోకంలో అందరూ చేసేదే, మాకూ సంతోషమే. కానీ పీటలమీద కూర్చున్నవాడి తప్పు మాత్రం మాఫీ కాలేదు. పెళ్ళి చేసుకున్నది మళ్ళీ కూతురైపోయింది, పెళ్ళి చేసినవాడు పగవాడైపోయాడు. తండ్రి మనసు మళ్ళీ కష్టపెట్టడం ఎందుకనుకుందో ఏమో, పిల్ల కూడా మాకు ఫోన్లు తగ్గించేసింది. నాకు ఒళ్ళు మండేది. మా ఆయన మాత్రం, "అన్నయ్య కోపం నాకు తెలీదా? ఏదో ఒక రోజు వాడే చేస్తాడు ఫోను," అనేవారు. అలా అంటూనే ఏళ్ళు గడిపారు.

ఇప్పుడు ఆ ఫోను ఇక రాదు. బావగారికి కొడుకుల్లేరు. కొడుకు లేని అన్నకి తలకొరివి పెట్టాల్సింది తమ్ముడు. ఆ మాట ఆయన పైకి అనలేదు కానీ, ఆ రోజు నుంచి ఫోను చేతిలోంచి వదల్లేదు. అన్నం తింటున్నా పళ్ళెం పక్కనే. వదినగారు మనసు మార్చుకుని "వచ్చెయ్" అంటే, మర్నాటి విమానానికి అందుకోవచ్చని. నా అంతట నేను తోటికోడలికి నాలుగైదుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మర్నాడు ఆక్రోపోలిస్ కొండకి టికెట్లున్నాయి. కింద రాతిబాట దాకా వచ్చి ఆయన ఆగిపోయారు. నాకు చిర్రెత్తింది.

"అందులో దేవుడున్నాడా? దీపముందా? పైకప్పే లేదు. దానికి మైలేంటండీ?"

"గుడి గుడే."

"మనం ఇంట్లో పట్టని మైల ఇక్కడ పట్టాలా?"

"వీళ్ళకీ ఉండేది మైల. చావు తగిలినవాణ్ణి గుళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు. దేవుడు పోయినా కట్టినవాళ్ళ నియమం పోలేదుగా," అన్నారు. పుస్తకాలు చదివిన మొగుడితో వాదన పెట్టుకోకూడదు. ఇద్దరం చెట్టుకింద బెంచీమీద కూర్చుని పైకి చూశాం. తిరపతి దాకా వెళ్ళి శిఖర దర్శనం చేసుకుని వచ్చేసినట్టుందన్నాను. మామూలప్పుడైతే నవ్వేవారు.

రాత్రిళ్ళు కింద దుప్పటి పరుచుకుని పడుకుంటున్నారు. గడ్డం గీసుకోవడం మానేశారు. గది తుడవడానికి వచ్చే ముసలావిడ, ఎప్పుడూ నల్లగౌనే వేసుకునేది, ఆ దుప్పటి చూసి మేం పోట్లాడుకున్నామనుకుంది. నవ్వుతూ వేలు చూపించి బెదిరించింది. మా ఆయన తనకొచ్చిన నాలుగు గ్రీకు ముక్కల్లో అన్నయ్య పోయాడని చెప్పారు. ఆవిడ చీపురు గోడకి ఆనించి, ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకీ అయ్యుండదు. కానీ కబురు తెలిశాక ఆయన ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. మనవాళ్ళెవరూ ఇవ్వని పరామర్శ ఆవిడ ఇచ్చింది.

కొరింథులోనూ అంతే. కంచె అవతల అపోలో గుడి స్తంభాలు ఏడు మిగిలాయి. మేం ఇవతల హోటల్లో కూర్చుని వంకాయ కూర తింటూ వాటిని చూశాం. నాకు ఆకలికి ఆకలి, కోపానికి కోపం. జీవితంలో ఒక్కసారి వచ్చాం, మళ్ళీ వచ్చేదుందా? నాలో నేను బావగారిని కూడా తిట్టుకున్నాను. పోయినవాళ్ళని తిట్టకూడదని తెలుసు. అయినా తిట్టాను. పోయేవాడు ఒక్క మాట అని పోవచ్చుగా, "ఒరేయ్" అని ఒక్క మాట.

మైసీనీలో మాత్రం ఆయన తనే టికెట్లు తీశారు. నేను తెల్లబోయి చూస్తే, "ఇది గుడి కాదు, సమాధి. మైలలో స్మశానానికి వెళ్ళొచ్చు," అన్నారు. కొండని తొలిచి రాళ్ళు పేర్చిన పాతకాలపు రాజుల సమాధి అది. లోపల బోర్లించిన పెద్ద గాదెలా ఉంది, చల్లగా, చీకటిగా. ఏమీ లేదు. ఎవరి సమాధో కూడా ఖాయంగా తెలియదట. టూరిస్టులు చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విని వెళ్ళిపోతున్నారు. ఆయన గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"అన్నయ్య హైస్కూల్లో ఉన్నప్పుడు చరిత్ర పాఠాలు పైకి చదివేవాడు," అన్నారు. "ఏథెన్సు, స్పార్టా అంటూ. నాకింకా అక్షరాలు సరిగ్గా రావు. వాడి పక్కన పడుకుని వినేవాణ్ణి. ఏథెన్సువాళ్ళు గెలిస్తే నాకు నిద్ర పట్టేది, లేకపోతే మళ్ళీ చదవమని ఏడ్చేవాణ్ణి. చదివేవాడే పాపం, మార్చి. వాళ్ళనే గెలిపించి."

ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఈ గ్రీసు పిచ్చి పక్కింటి తాతగారి దగ్గర అంటుకుందనుకున్నాను. ఆ తర్వాత గుళ్ళ గురించి నేను ఆయనతో వాదించలేదు. మైల పట్టడం ఆయనకి భక్తీ కాదు, భయమూ కాదు. అన్న కోసం చెయ్యడానికి ఆయనకి మిగిలింది అదొక్కటే. కొరివి పెట్టనివ్వలేదు, మొహం చూడనివ్వలేదు. మైలని మాత్రం ఎవరూ ఆపలేరు. తమ్ముడు కాబట్టే పట్టింది, పట్టింది కాబట్టి ఇంకా తమ్ముడే.

ఫ్యూనరల్ రోజుకి మేం డెల్ఫీలో ఉన్నాం. టూవూంబాలో మధ్యాహ్నమైతే అక్కడ పొద్దున్నే. లింకు వచ్చింది. హోటల్ గదిలో చూద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, నాలుగు గోడల మధ్య ఉండలేనన్నారు. టికెట్ కౌంటరుకి ఎదురుగా రోడ్డు పక్కన పిట్టగోడ ఉంటే దానిమీద కూర్చున్నాం. వెనక లోయ, ఎదురుగా కొండమీద అపోలో గుడికి వెళ్ళే దారి. బస్సులు దిగి జనం బిలబిలమంటూ లోపలికి పోతున్నారు. ఫోను ఇద్దరి మధ్యా పట్టుకున్నాం.

కెమెరా హాలు వెనక ఎక్కడో పెట్టారు. అందరి వీపులే కనిపిస్తున్నాయి. ముందు వరసలో తెల్లచీర, అది మా తోటికోడలని పోల్చుకున్నాను. నలుగురైదుగురు డాక్టర్లు మాట్లాడారు. బావగారి హస్తవాసి గురించి, ఆయన పెంచిన గులాబీల గురించి. మా ఆయన ఒక్కో మాటకీ తలూపుతున్నారు, తనకే చెబుతున్నట్టు. తర్వాత పిల్ల కాగితం పట్టుకుని లేచింది. దాన్ని చూడగానే నా మనసు కరిగిపోయింది. ఈయన వేలు పట్టుకుని ఈత కొలనులోకి దిగిన పిల్లేగా.

తండ్రి చిన్నతనం చెప్పింది, చదువు చెప్పింది. ఆ తర్వాత, "హి కేమ్ టు దిస్ కంట్రీ విత్ నో వన్. వి వర్ ది ఓన్లీ ఫ్యామిలీ హి హ్యాడ్ హియర్," అంది.

ఈ దేశంలో మా నాన్నకి మేం తప్ప ఎవరూ లేరు, అని. తల్లి రాయించిందో, తనే రాసుకుందో నాకు తెలియదు. ఆ వాక్యం దగ్గర దాని గొంతు తడబడిందనిపించింది. నేను తడబడాలని కోరుకున్నానేమో కూడా.

మా ఆయన తలూపడం ఆగిపోయింది. ఫోను పక్కన పెట్టలేదు. చివరిదాకా చూశారు, శవపేటిక ముందు తెరలు మూసుకునేదాకా, హాలు ఖాళీ అయ్యేదాకా. చివరికి ఎవరో వచ్చి కెమెరా ఆపేశారు. అప్పుడు ఫోను నా సంచిలో వేసి, లేచి, ప్యాంటుకి అంటిన దుమ్ము దులుపుకున్నారు.

"పద, టికెట్లు తీసుకుందాం," అన్నారు.

"మైల కదండీ," అన్నాను.

"ఎవరి మైల?" అన్నారు. "నాకెవరు పోయారు? విన్నావుగా. ఆయనకి ఎవరూ లేరట."

వారం రోజులుగా నేను పోరుపెట్టింది ఆ గేటు లోపలికి వెళ్దామనే. ఇప్పుడు కాళ్ళు రాలేదు. ఆయన రోడ్డు దాటి, క్యూలో నిలబడి, టికెట్ తీసుకుని, గేటు దగ్గర వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపారు. మాసిన గడ్డంతో ఎవరో ముసలాయనలా ఉన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. కాసేపు చూసి, ఆయన ఒక్కరే కొండెక్కి వెళ్ళిపోయారు.

నేను పిట్టగోడ మీదే ఉండిపోయాను. బావగారికి తమ్ముడు లేకపోతే పోనీ, ఒక మరదలైనా ఉండాలి కదా. మిగిలిన మైల రోజులు నేనొక్కదాన్నే పట్టాను.