పెద్ద మాత్ర

ఆమె పేరు నేనడగలేదు. తిరుపతి ఆసుపత్రిలో హెచ్‌ఐవి మందుల వరసలో నా ముందు నిలబడిన మనిషే, ఆ మధ్యాహ్నం చిత్తూరు బస్సులో నా పక్కన కూర్చుంది. నన్ను గుర్తుపట్టి, గుట్టుగా తన రక్తపరీక్ష చీటీ చూపించింది. ఒంట్లో రోగాలను అడ్డుకునే కణాలు ఆమెకు నాలుగొందలు. నాకు తొంభై. నా కడుపు మండిపోయింది.

"ముందు నాకు ఈ ఎడం చెయ్యి పడిపోయింది మ్మే," అంది మెల్లగా. "ఎప్పుడో ఒంట్లో చేరిన క్రిమి తలకాయలో నిద్రపోతా ఉన్నిందంట. బలం తగ్గేసరికి లేసింది. ఇప్పుడు బాగుండాది. అది లేవకుండా ఏసుకునే పెద్ద మాత్ర గూడా ఆపేసినారు. నీకెంత?"

"ఐదొందలక్కా. నాకూ ఆపేసినారు," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "సల్లగా ఉండు తల్లీ," అంది. నేను ఆమెలా సంతోషపడలేకపోయానే అని, దానికీ కుళ్లుకున్నాను.

చంద్రగిరి దాటాక నా చేతిగడియారం కూసింది. అది పెద్ద మాత్ర వేసుకునే వేళ. సంచిలోంచి మాత్రల అట్ట సగం తీసి, చెప్పిన అబద్ధం గుర్తొచ్చి మళ్లీ లోపలికి తోసేశాను. ఆమె చూసింది. ముఖం కిటికీవైపు తిప్పుకుని, ఎడం చేత్తో తన నీళ్ల సీసా నా ముందుకు చాపింది.

నేను మాత్ర తీసేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది. కాస్త కూడా వణకలేదు.

ఇప్పుడు నా చీటీలో నిజంగానే ఐదొందలున్నాయి. అయినా ఆ చెయ్యి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కుళ్లే.